పదేళ్ల కౌలు

వానలు పడేలోపు ముంగిసలతో వెలగకాయ బంతాట ఆడాలి, చూస్తే మైదానం లేదు. కుందేళ్ల నాయకుడు చెంగయ్యకు కాలు ఒకచోట నిలవడం లేదు. అడవి మొత్తానికి చదునైన చోటు ఒక్కటే, అది అడవిపందిది. అదీ రాయిలా బిగుసుకుపోయి, దూకితే పాదాలు పగిలేలా ఉంది.

"పదేళ్లకు కౌలుకిస్తాను," అంది పంది, బురదలోంచి లేవకుండానే. "బాగుచేసుకోవడం మాత్రం మీ పని. పదేళ్లూ."

పదేళ్లు అనేసరికి చెంగయ్య చెవులు నిక్కాయి.

"పంది ముట్టె ఊరుకోదురా. తవ్వనని కూడా మాట తీసుకో," అని గొణిగింది పక్కనున్న పిన్ని.

"రోజులు లేవు పిన్నీ. ముందు మైదానం చేతికి రానీ."

చెంగయ్యా, పందీ తడిమట్టిలో పక్కపక్కన అడుగు వేశారు. ఆ అడవిలో ఒప్పందమంటే అదే.

ఇరవై రోజులు కుందేళ్లు తిండీ నిద్రా మరిచిపోయాయి. దొప్పలతో వాగునీళ్లు మోసి నేల నానబెట్టాయి, గుల్ల చేశాయి, మెత్తగా ఉంటుందని నిండా తుంగ నాటాయి.

ఆట రోజు పొద్దున్నే చెంగయ్య అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చాడు. మైదానం నడుమ పంది, మట్టిలో ముట్టె దించి తుంగగడ్డలు నములుతోంది. ఈ చివర నుంచి ఆ చివరకు గోతులే.

"ఇదేం పని బాబాయ్? ఇప్పుడు దీన్నెవరు చదును చేస్తారు?"

పంది తల ఎత్తలేదు. "నేల గట్టిగా ఉన్నన్నాళ్లు నాకు దీంతో పనే లేకపోయింది చెంగయ్యా. బాగా చేశారు." ఇంకో గడ్డ పెకలించింది. "బాగుచేసేది మీరేగా. ఇంకా తొమ్మిదేళ్ల పదకొండు నెలలుంది."