బుట్టలో కాగితం

“రెండు రోజులు ఒట్టి చేతులతో వచ్చావు. ఇవాళ తెచ్చింది ఈ ఒక్క ముక్కేనా?” గుడ్లురిమాడు త్రినాథరావు.

“బుట్టలో అదే ఉన్నాది బాబూ,” అంది చిన్నమ్మి, కొంగు నలుపుకుంటూ.

సెమిలిగుడ బస్టాండు పక్క హోటల్లో వెనక గది అది. త్రినాథరావు నిఘా ఆఫీసరు. చిన్నమ్మి విమాన ఇంజిన్ల కార్ఖానా టౌన్‌షిప్‌లో రష్యా ఇంజనీరు దంపతుల ఇంట్లో పాచిపని చేస్తుంది. ఆ ఇంటి చెత్తబుట్టలో పడ్డ కాగితమల్లా తెచ్చివ్వాలి. లేదంటే కార్ఖానాలో ఆమె మొగుడి టెంపరరీ ఉద్యోగం ఊడుతుంది. ఇదీ ఒప్పందం. ఒప్పుకున్నావా అని మాత్రం ఆమెనెవరూ అడగలేదు.

“రష్యావోళ్లు మన దోస్తులని రేడియోలో సెప్తన్నారు గదా బాబూ?”

“అమెరికావాడు ఓడలు పంపి బెదిరిస్తాడు. వీళ్లు కౌగిలించుకుంటారు. కౌగిలించుకునేవాడి చెయ్యి మన జేబులో ఉందేమో చూసుకోవద్దూ?”

రష్యాలో శిక్షణ పొంది, ఆ భాష నేర్చుకొచ్చిన ఫోర్‌మన్ రమణమూర్తిని కూడా పట్టుకొచ్చాడు త్రినాథరావు. “చదవండి. ఇంజిన్ల సంగతేనా?”

రమణమూర్తి కాగితం ఒకసారి చదివాడు. మళ్లీ చదివాడు. జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు.

“చాలా పెద్ద సంగతేనండి,” అన్నాడు చివరికి. “సగమే ఉంది. మిగతాది రేపటి కాగితంలో రావచ్చు. అన్నీ కలిపి తెలుగులో రాసిస్తాను.”

త్రినాథరావు ముఖం వెలిగిపోయింది. “శభాషమ్మీ! నీ మొగుడి ఉద్యోగానికి ఢోకా లేదు. రేపు కూడా తే!” అంటూ ఢిల్లీకి ట్రంకాల్ చెయ్యడానికి పోస్టాఫీసుకు పరుగెత్తాడు.

చిన్నమ్మి గోడకు చేరబడి భోరుమంది. “జొరమొచ్చినప్పుడు నాకు గెంజి కాసిచ్చిన తల్లి బాబూ ఆవిడ! నా సేతుల్తో నేనే ఆళ్ల కొంప ముంచేసేనేటి? అందులో ఏటి రాసున్నాదో సెప్పండి.”

రమణమూర్తి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చదివాడు.

“‘మా బుట్ట ఖాళీగా ఉందని ఈ అమ్మాయి రెండు రోజులుగా ఏడుస్తోంది. ఇకమీద రోజూ ఒక కాగితం రాసి వేస్తాను. చదివేవారెవరైనా సరే, పెద్ద రహస్యమే దొరికిందని చెప్పండి.’”