పాత లుక్కు

"ఇది గూడ నకిలీ లెక్కనే ఉన్నది" అంటూ సుధాకర్ ఆరో నమూనా చెక్కను పక్కకు తోశాడు.

కోదాడలో కట్టుకుంటున్న కొత్తింటి హాలు తలుపులకు ఆయనకు వందేళ్ల పాత లుక్కు కావాలట. పాలిష్ పని చేసే దేవదాసుకు రోత పుట్టింది. పురుగు తొలిచిన రంధ్రాలు పూడ్చి బతికినవాడు ఇప్పుడు మంచి టేకుకు మేకుతో రంధ్రాలు పొడవాలి. గొలుసుతో కొట్టి, నల్లటి స్టెయిన్ పూసి, మురికి పట్టినట్టు చేయాలి. మురికి అంటే ఏమిటో ఈయనకేం తెలుసు?

సుధాకర్ చూపు ఆ నమూనాలు పెట్టిన దేవదాసు పనిబల్ల మీద పడింది. వంగి, గొళ్లెం ఊడిన చోట అరచేత్తో నిమిరాడు.

"నాక్కావాల్సింది గిదే. మా పాతింటి ముందటి తలుపుకు గూడ ఇంత నునుపు లేకుండె. ఏం పూసినవ్ దేవదాసూ?"

"ఏం పూయలే సార్. అది మీ పాతింటి ఎనక పాయఖానా తలుపు. ఇల్లు కూలగొట్టిననాడు కట్టెలల్ల పడేస్తే తెచ్చి బల్ల చేసుకున్న."

సుధాకర్ చెయ్యి చటుక్కున లాక్కుని ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఒకసారి చాలలేదు. మళ్లీ తుడుచుకున్నాడు.

దేవదాసు ఆ చేతినే చూస్తూ అన్నాడు.

"మా అమ్మ ఇరవై ఏండ్లు రోజూ ఆ తలుపు తీసి లోపల కడిగింది. ఆమె చెయ్యి పడి పడి నునుపైంది. ముందటి తలుపుకు ఎట్లొస్తది సార్? దాన్ని ఆమెను ముట్టనియ్యలేదు గద."