వేర్లు వచ్చే ఏడాది

నర్సరీ అతను పళ్లెంలాంటి కుండీలోంచి జునిపర్ బోన్సాయ్‌ని ఎత్తి, వేర్లు చూసి ఉలిక్కిపడ్డాడు.

“వదినా, వేర్లు కోసింది అన్నయ్యేనా?”

“ఆయనే. నీ దగ్గర కొన్న మొక్కే. పోయే ముందు కూర్చుని, కొమ్మలూ వేర్లూ కత్తిరించి ఇలా తయారుచేశారు. రోజూ నీళ్లు పోస్తున్నా. పచ్చగానే ఉందిగా?”

“ఇది చచ్చినా కొన్నాళ్లు పచ్చగానే ఉంటుంది వదినా. కొమ్మలు కత్తిరించిన ఏడాది వేర్లు ముట్టుకోకూడదు. ‘వేర్లు వచ్చే ఏడాదిరా, ఇప్పుడేం కొంపలు మునిగాయి?’ అని నా చేతిలో కత్తెర లాక్కున్న మనిషి! రెండూ ఒకేసారి ఎందుకు చేశాడు?”

ఆకులు నిమురుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

“నిద్రలోనే పోయారు, ఆయనకే తెలియలేదనుకున్నాను. అందరికీ అదే చెప్పాను.”

అతను చెట్టుని మెల్లగా మళ్లీ కుండీలో పెట్టాడు.

“వచ్చే ఏడాది లేదని చెట్టుకి చెప్పారు. నాకు చెప్పలేదు.”