సంతలో కొన్న బొమ్మ

"టోపీ తియ్యి," అన్నాడు యోస్ట్.

గెరిట్ పాల బకెట్ కింద పెట్టాడు. టోపీ మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు. కొట్టం గుమ్మంలో అతని భార్య ఆలెయిడ్ ద్వారబంధం పట్టుకుని నిలబడింది.

యోస్ట్ ప్రభువుగారి జవాను. అతని చేతిలో కాగితం మీద అచ్చువేసిన బొమ్మ ఒకటి ఉంది. ఆవు పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని పాలు పితుకుతున్న రైతు. ఆ రైతుకి ఒక చెవి సగం లేదు.

"లైడెన్ సంతలో మా దళపతి కొన్నాడు. సైన్యంలోంచి పారిపోయినవాడు వీడేనని చూడగానే చెప్పేశాడు. దొరికితే ఉరే."

"బొమ్మల్లో రైతులందరికీ ఒకటే ముక్కు పెడతారయ్యా," అంది ఆలెయిడ్. మొన్న వేసవిలో పట్నం చిత్రకారుడొకడు గట్టు మీద కూర్చుని గెరిట్‌ని చూస్తూ గీసుకుపోయాడు. ఆమె పెట్టిన జున్ను కూడా తిన్నాడు.

"ముక్కుతో నాకేం పని? చెవి చూపించమను."

గెరిట్ టోపీ తీశాడు. ఎడమ చెవి సగమే ఉంది.

యోస్ట్ బొమ్మ చూశాడు, మనిషిని చూశాడు, మళ్ళీ బొమ్మ చూశాడు. బొమ్మలో మనిషికి తెగింది కుడి చెవి.

"వీడు కాదు. ఇంత బురదా ఊరికే తొక్కాను," అని గొణిగాడు.

ఆలెయిడ్ ద్వారబంధం వదిలింది. "పాలు తాగి వెళ్ళండయ్యా. ఏమయ్యా, పితుకు."

గెరిట్ ఆవుకు కుడిపక్కన పీట వేసుకున్నాడు. బకెట్‌లో ధార మోగింది.

"ఎప్పుడూ ఆ పక్కనేనా? ఇటు కూర్చుంటే పాలు రావా?" అన్నాడు యోస్ట్.

ఆలెయిడ్‌కి నవ్వొచ్చింది. ఇందాకటినుంచీ బిగబట్టిన ఊపిరంతా నవ్వయింది. "ఎడమపక్కనా? పళ్ళు రాలేట్టు తంతుంది. మా వైపు పుట్టినవాడెవడూ అటు కూర్చోడు. మీ పట్నంవాళ్ళే కూర్చోవాలి."

"మరి బొమ్మలో వీడు అటే కూర్చున్నాడేం?"

ధార ఆగిపోయింది.

యోస్ట్ గుమ్మం దాకా నడిచాడు. "అచ్చు వేస్తే కుడి ఎడమవుతుంది కదూ," అంటూ కాగితాన్ని వెనక్కి తిప్పి ఎండకెత్తి పట్టుకున్నాడు. పల్చటి కాగితంలోంచి కనబడుతున్నాడు గెరిట్, ఆవుకు కుడిపక్కన, ఎడమ చెవి సగం లేకుండా.