చుక్కల పుస్తకం

"ఇందులో ఏ అంకె ఉంది?" రంగు చుక్కల పుస్తకం తెరిచి చూపిస్తూ అడిగింది మేడమ్.

"అంకె ఎక్కడుంది మేడమ్? అన్నీ చుక్కలేగా!"

క్లాసంతా గొల్లుమంది. కళ్ల పరీక్షల కోర్సులో చేరి రెండో ఏడు నడుస్తున్నా, తన కళ్ల సంగతి నవ్యశ్రీకి ఆ రోజే తెలిసింది.

"నీకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియట్లేదు. పుట్టుకతో వచ్చే లోపం. ఆడపిల్లల్లో చాలా అరుదు," అంది మేడమ్. "అమ్మ వైపు నుంచి వస్తే చాలదు, నాన్నకీ ఉండి తీరాలి. మీ నాన్నగారికి ఉందా?"

"లేదు మేడమ్," అనేసింది నవ్యశ్రీ. మేడమ్ చటుక్కున మాట మార్చేసింది. అప్పుడు ఝల్లుమంది గుండె.

నాయనమ్మ ఇందిరాదేవి నోరు ఊరికే ఉండదు. "ఈ పిల్లకి మావాడి పోలిక ఒక్కటన్నా వచ్చిందా?" అని చుట్టాల ముందు దీర్ఘం తీసి, వంటింటి వైపు చూస్తుంది. అమ్మ దుర్గాదేవి గిన్నెల వైపు తిరిగి పని చేసుకుపోతుంది. ఇన్నాళ్లూ అది ముసలావిడ చాదస్తం అనుకుంది నవ్యశ్రీ. ఇప్పుడు ఆ చూపుకి వేరే అర్థం తోచింది.

శనివారం ఆ పుస్తకం అడిగి తీసుకుని బందరులో బస్సెక్కింది. మోపిదేవి దాటాక తమ ఊళ్లో దిగేసరికి ఇంటి అరుగు మీద కోటమ్మ ఏడుస్తోంది. ఆమె కొడుకు నాగబాబు, రోడ్డు మీద మనిషిని ట్రాక్టరుతో గుద్ది ఆగకుండా పోయాడన్న కేసులో జైల్లో ఉన్నాడు.

"ఆ బండి మావాడిది కాదు. ఒక్కసారి ఆలోచించు బాబూ!"

"చూసింది చూసినట్టే చెప్పానమ్మా," అన్నాడు నాన్న హరిబాబు బాధగా. "నాగబాబు మీద నాకేం పగ? అబద్ధం ఆడటం నా వల్ల కాదు."

నిజమే. హరిబాబు మాటంటే ఊళ్లో తిరుగులేదు. కోటమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. నవ్యశ్రీకి జాలేసింది గానీ, ఆ పూట తన దిగులే తనకు ఎక్కువైంది.

"నాన్నా, మా కాలేజీ వాళ్ల పరీక్ష. ఇందులో అంకెలు చెప్పాలి."

"దేనికే?" అంది అమ్మ వంటింటి గుమ్మంలోంచి. నవ్యశ్రీ ఆమె మొహంలోకి చూడలేకపోయింది.

"పన్నెండు," అన్నాడు హరిబాబు ఠక్కున.

మొదటి పేజీ లోపం ఉన్నా లేకున్నా అందరికీ కనిపించేదే. నవ్యశ్రీకి ఆ సంగతి తెలుసు. పేజీ తిప్పింది. హరిబాబు కళ్లజోడు సవరించుకుని, పుస్తకాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఇందులో ఏముందే? ఉత్త చుక్కలు!"

"మరి ఇది?"

"ఇదీ అంతే. ఎవరే దీన్ని అచ్చేసింది?"

నవ్యశ్రీ వెక్కి వెక్కి ఏడుస్తూ నాన్నను వాటేసుకుని, పక్కనే కూర్చున్న ఇందిరాదేవి వైపు తిరిగింది.

"నాయనమ్మా! నాన్నకి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలీదు. నాకూ తెలీదు. ఇది నాన్న దగ్గర్నుంచే వచ్చింది. ఇంకెప్పుడూ ఈ ఇంట్లో పోలికల మాటెత్తకు!"

ఇందిరాదేవి తల దించుకుంది. దుర్గాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే కూలబడింది. ఇన్నేళ్లకి ఆమె మొహం తేటపడింది.

"తెలీకపోతే ఏం కొంప మునిగింది?" అని హరిబాబు కూతురి తల నిమిరాడు. "ఇన్నాళ్లూ బతకలేదూ?"

గుద్దింది నాగబాబు ఎర్ర ట్రాక్టరేనని కోర్టులో చెప్పింది ఆయనొక్కడే.