షీల్డుల బీరువా

బీరువా పడటం లేదు. పొద్దుటినుంచీ యూనిట్ మొత్తం దాన్ని పడెయ్యడానికి నానా తంటాలూ పడుతోంది. అదేమో నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి ఉంది.

దర్శకుడు తీస్తున్నది చావుల మీద హాస్య చిత్రం. మామూలు చావులు కావు. ‘జారి పడతారు జాగ్రత్త’ అన్న బోర్డు బిగిస్తూ జారి పడినవాడు, గురక ఆపే యంత్రం కనిపెట్టి ముందుగా తన ముక్కుకే తగిలించుకుని పడుకున్నవాడు, ఇలాంటి మహానుభావులంతా అందులో ఉన్నారు. అన్నీ నిజంగా జరిగినవేనని సినిమా మొదట్లోనే వేస్తానని దర్శకుడు కనబడిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. అందుకని తాళ్లు కట్టి లాగడానికి వీల్లేదన్నాడు. అప్పుడు ఎలా పడిందో ఇప్పుడూ అలాగే పడాలట.

బీరువా చావు సినిమాకి ఆఖరిది. పోయినాయన ‘నూరేళ్లు బతకడం ఎలా’ అని ఊరూరా ఉపన్యాసాలు దంచినవాడు. మాట్లాడిన చోటల్లా ఒక షీల్డు పుచ్చుకునేవాడు. అవన్నీ హాల్లో అద్దాల బీరువా నిండా పేర్చాడు. వాటి గొప్ప చెప్పుకోవడం ఆయన వంతు, దుమ్ము తుడవడం భార్య వంతు. అరవై నిండకుండానే ఒకనాడు కొత్త షీల్డొకటి ముందు వరసలో పెట్టి, ఎలా ఉందో చూసుకుందామని ఎదురుగా నిలబడ్డాడు. బీరువా మొత్తం వచ్చి మీద పడింది. భార్య వంటింట్లోంచి వచ్చేసరికే అంతా అయిపోయింది.

నూరేళ్ల ఉపన్యాసకుడు షీల్డుల కింద పడి పోయాడంటే నలుగురూ నవ్వుతారని బంధువులు గుండెపోటని చెప్పుకున్నారు. భార్య ఒప్పుకోలేదు. గుండెకేం రోగం, ఆయన్ని చంపింది బీరువాయేనని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పింది. ఆ నోటా ఈ నోటా విని దర్శకుడు ఆవిడ దగ్గరికి పరుగెత్తాడు. షూటింగు చూడటానికి కూడా పిలిచాడు. పాతికేళ్లు ఆ బీరువా తుడిచిన మనిషి కదా, మర్యాదగా ఓ కుర్చీ వేయించాడు.

పెద్దావిడ పొద్దుటినుంచీ ఆ కుర్చీలోనే కూర్చుని చూస్తోంది. ఆయన బీరువా ముందు నిలబడి ఉండగా పేపర్లో వచ్చిన ఫొటో చూసి ఆర్ట్ డైరెక్టర్ హాలు కట్టాడు. ఫైట్ మాస్టర్ బీరువా కాళ్లు వదులు చేశాడు. బరువైన షీల్డులన్నీ పై అరలోకి ఎక్కించాడు. తలుపు ధడాలున వేయించాడు. తన మనుషుల్లో భారీగా ఉన్నవాణ్ణి పక్కనే గెంతమన్నాడు. నేల అదిరింది కానీ బీరువా అదరలేదు. ఉపన్యాసకుడి వేషం వేసిన నటుడు కళ్లు మూసుకుని చావుకి ఎదురుచూసి చూసి, ఈలోగా కాఫీ ఏమైనా దొరుకుతుందా అని అడిగాడు.

నిర్మాత ఫోన్ చేశాడు. సాయంత్రంలోగా ఆ దిక్కుమాలిన బీరువా పడకపోతే సీను లేపేస్తానన్నాడు. ఆఖరి చావు లేకపోతే సినిమాకి తోకే లేదని దర్శకుడు ఏడుపు మొహం పెట్టాడు.

ఫైట్ మాస్టర్‌కి ఒళ్లు మండిపోయింది.

“బస్సుల్ని బోర్లా వేసినవాణ్ణి సార్ నేను. దానంతట అది పడే బీరువా కాదిది. ఆవిడెవరో మీ చెవిలో పువ్వు పెట్టింది. అయ్యగారు గుండెపోటుతోనే పోయుంటారు.”

అందరూ కుర్చీ వైపు తిరిగారు. దర్శకుడు ఆవిడ ముందుకొచ్చి నిలబడ్డాడు. అతని పరువంతా ‘నిజంగా జరిగినవే’ అన్న ఆ ఒక్క మాట మీదే ఉంది.

“అమ్మా, ఉన్నమాట చెప్పండి. బీరువా మీద పడే ఆయన పోయారా? మీరు కల్పించి చెప్పుంటే ఇప్పుడే ఈ సీను తీసేస్తాను, ఏమీ అనుకోను.”

పెద్దావిడ మొహం ఎర్రబడింది. ఇన్నాళ్లూ బంధువులు అబద్ధాలకోరన్నారు. ఇప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా, ఇంతమందిలో, అదే మాట. ఓర్చుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

చెంగు బిగించి లేచింది. తిన్నగా సెట్టులోకి నడిచింది. నటుడు పక్కకి తప్పుకున్నాడు. బీరువా పక్కనుంచి వెనక్కి తొంగి చూసింది. జానెడు సందైనా లేకుండా గోడ.

“వెనకాల వంటగది కట్టకుండా గోడ కట్టేస్తే ఎలా పడుతుంది నాయనా, నేనెక్కడ నిలబడి తొయ్యను?”