రెండున్నర నంబరు

డిసెంబరు 31, సాయంత్రం అయిదూ పది. మస్కట్, హమ్రియాలోని ఒక మందుల షాపులో ఒక మనిషి పదకొండు జతల కళ్లద్దాలకు బిల్లు వేయమన్నాడు.

అతని వెనక వరుసలో నర్సింగ్ నిలబడి ఉన్నాడు. ఖురం సైట్‌లో డ్యూటీ దిగి, బట్టలైనా మార్చుకోకుండా వచ్చాడు.

కంపెనీ ఏటా ప్రతి కార్మికుడి వైద్యం కార్డులో నలభై రియాళ్లు వేస్తుంది. జీతంలో కోత ఉండదు. నగదుగా చేతికి రాదు. ఈ ఒక్క షాపులో, జాబితాలో ఉన్న మందులూ కళ్లద్దాలూ మోకాలి పట్టీలూ కొనుక్కోవాలి. అవీ కార్డు ఎవరిదో వాళ్ల ఒంటికే. ఒకటో రెండో ఇంటికి తీసుకుంటే షాపువాళ్లు అడగరు. డిసెంబరు ఆఖరుతో మిగిలిన సొమ్ము మురిగిపోతుంది.

రెండు నెలలుగా జీతం ఆగింది. నర్సింగ్ దగ్గర ఉన్నది ఆ కార్డే. అతనికి కావలసింది రెండున్నర నంబరు అద్దాలు.

కోరుట్ల దగ్గరి ఊళ్లో అతని తల్లి దేవవ్వ బీడీలు చుడుతుంది. దగ్గరి చూపు తగ్గింది. ఆకు వంకరగా తెగుతోంది. చుట్టినవాటిలో సగం, ఆకు ఇచ్చి బీడీలు తీసుకునే టేకేదారు ఏరి పారేస్తున్నాడు. అంగట్లో దొరికే వంద రూపాయల అద్దాలు పెట్టుకుంటే తలనొప్పి. వచ్చే నెలా ఇట్లాగే ఉంటే ఆకు ఇవ్వనని టేకేదారు చెప్పేశాడు. ఆకు ఇవ్వకపోతే పని లేనట్టే.

బీడీ కార్ఖానాలో కండ్లు పరీక్ష చేసి రెండున్నర అన్నారని పోయిన వారం ఆమె ఫోన్‌లో చెప్పింది. ఇంకేదో చెప్పబోయింది. సైట్ బస్సు హారన్ కొట్టింది. నేను తెస్త తియ్యవ్వా అని నర్సింగ్ ఫోన్ పెట్టేశాడు. ఎల్లుండి ఇంటికి అతని విమానం.

కౌంటర్ వెనక ఉన్న ఖమరుద్దీన్ తల అడ్డంగా ఊపాడు.

"రెండున్నర ఒక్కటే ఉండె భాయ్. ఈయన తీస్కున్నడు."

ముందున్న మనిషికి అరవై ఉంటాయి. కార్డు మీద భూమయ్య అని పేరుంది. అదే కంపెనీ, రుస్తాఖ్ సైట్. చేతిలో ఒక కాగితం. ఒక్కో జత నంబరునూ కాగితంతో సరిచూసి సంచిలో పెడుతున్నాడు.

"కాకా, ఆ రెండున్నరది నాకియ్యి. మా అవ్వకు."

భూమయ్య కాగితం చూశాడు. "అది ఇయ్యరాదు బిడ్డా."

"ఒక్క తలకాయకు పదకొండు జతలేందే? ఎన్ని కండ్లున్నయ్ నీకు?"

వరుసలో ఎవరో నవ్వారు. భూమయ్య నవ్వలేదు.

ప్రతి ఏడూ ఇంతే తీసుకుంటాడని ఖమరుద్దీన్ నర్సింగ్‌తో మెల్లగా అన్నాడు. కార్డు మీద కొని బయట అమ్ముకునేవాళ్లను నర్సింగ్ ఎరుగును. కార్డు వెనక ఉన్న కంపెనీ నంబరుకు ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

ఆఫీసు క్లర్కు స్పీకర్ పెట్టమన్నాడు. పదకొండూ ఎవరికి అని హిందీలో అడిగాడు.

భూమయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వేరేవాళ్లకని చెబితే రూలు ఒప్పుకోదు.

"నాకే," అన్నాడు.

ఒక్కడికి పదకొండు జతలా అని క్లర్కు భూమయ్య కార్డు ఆపేశాడు.

భూమయ్య సంచిలోంచి ఒక్కో జతా తీసి కౌంటర్ మీద పెట్టాడు. పది పెట్టాడు. పదకొండోది అంగీ కొసతో తుడిచి నర్సింగ్ ముందుకు జరిపాడు.

"మీ అవ్వకన్నవ్ గదా. దారం కట్టి మెడకేసుకొమ్మను. వంగి పని చేసేటప్పుడు జారవు."

ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని రుస్తాఖ్ బస్సు కోసం వెళ్లిపోయాడు.

బిల్లు కాగితంలో ఎవరికి అనే గడి ఉంది. ఖమరుద్దీన్ పెన్ను పట్టుకుని నర్సింగ్ వైపు చూశాడు.

"నాకే," అన్నాడు నర్సింగ్.

జనవరి 3, పొద్దున. దేవవ్వ వాకిట్లో కూర్చుని అద్దాలు పెట్టుకుంది. ఆకు తీసి కత్తిరించింది. తిన్నగా తెగింది. ఇంకొకటి కత్తిరించింది.

"సక్కగ కనవడుతుంది కొడుకా."

తరవాత అద్దాల డబ్బా చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"కార్ఖానకు అచ్చేటియి గిసొంటియే. డబ్బ సుత గిదే."

మస్కట్ నుంచి ఒకాయన ఏటా జనవరిలో పంపుతాడని చెప్పింది. ఆయన పెళ్లాం ఒకప్పుడు తన పక్కనే కూర్చుని చుట్టేదట. చూపు మందగిస్తే టేకేదారు ఆకు ఆపేశాడు. ఆమె చనిపోయిన ఏడాది నుంచే ఈ డబ్బాలు రావడం మొదలు.

"ఈసారి నా పేరు సుత రాసుకున్నరు. ఫోన్ల చెప్దామంటే నువ్వు ఇననే లేదు. ఆయనయి ఇంకా రాలే. అందరు ఎదురుచూస్తున్నరు."

నర్సింగ్ లేచి కార్ఖానాకు నడిచాడు.

ఆకు తడిపే తొట్టి దగ్గర గోడకు ఒక కాగితం అంటించి ఉంది. పైన రుస్తాఖ్ చిరునామా, భూమయ్య పేరు. కింద పదకొండు మంది ఆడవాళ్ల పేర్లు, పక్కన నంబర్లు.

ఏడో పేరు దేవవ్వ. పక్కన రెండున్నర.